ఆ పిటిషన్ మీద నేనెందుకు సంతకం పెట్టలేదంటే

కాలిఫోర్నియాలో ఫాల్సమ్, ఎల్ డొరాడో హిల్స్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు,

నమస్కారం.

పోయిన ఆదివారం భోజనాల వేళకి ఆ పిటిషన్ నా ఫోనుకి మూడు వైపుల నుంచి వచ్చింది. మా వీధి చివర వదిన ఒకటి పంపింది. తెలుగు బడి అమ్మల నుంచి ఒకటి వచ్చింది. మూడోది మావాడి క్రికెట్ కోచింగ్ గ్రూపులో పడింది. "మన పిల్లల ఊపిరి కాపాడండి, కొండల మీద ప్రిస్క్రైబ్డ్ బర్న్‌లు ఆపించండి" అని. పెద్ద కార్చిచ్చు రాకుండా, అడవి నేలమీద పేరుకున్న ఎండుచెత్తని ఒక ప్లాను ప్రకారం ముందే కావాలని కాల్చడాన్నే ప్రిస్క్రైబ్డ్ బర్న్ అంటారు. సాయంత్రానికి నాకు తెలిసిన ఇళ్లలో సగం పేర్లు అందులో కనిపించాయి. నా పేరు లేదేమని ఇద్దరు అడిగారు. ఒకరైతే కాస్త నిష్ఠూరంగానే, "ఉబ్బసం ఉన్నది మీవాడికే కదా, నువ్వే పెట్టకపోతే ఎలా?" అన్నారు.

అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెప్తే సగమే వింటారు. గ్రూపులో పెడితే పైన పెళ్లిరోజు శుభాకాంక్షలు, కింద పెరట్లో కాసిన సొరకాయ ఫొటోలు, మధ్యలో నా మాట నలిగిపోతుంది.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఆ ముందురోజు, శనివారం, పొగ వచ్చిన మాట నిజం. పైన కొండల్లో కాల్చారు, రాత్రి చలిగాలితో పాటు పొగ కిందికి జారింది. పొద్దున కిటికీ తీస్తే కట్టెల పొయ్యి పక్కన కూర్చున్నట్టు వాసన. ఫోనులో గాలి నాణ్యత చూపే రంగు నారింజకి వెళ్లింది, అంటే ఉబ్బసం లాంటివి ఉన్నవాళ్లకి మంచిది కాదని. మావాడికి రెండు పఫ్‌లు ఇచ్చి, క్రికెట్ మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాను. వాడు అలిగి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మధ్యాహ్నం రెండింటికల్లా ఆకాశం తేటపడింది. ఇది మీ ఇళ్లలోనూ జరిగిందే, మీ కోపంలో అబద్ధమేమీ లేదు.

కానీ ఒక్కసారి 2018 నవంబరు గుర్తు తెచ్చుకోండి. దీపావళి వారం. ఎనిమిదో తేదీ పొద్దున ప్యారడైజ్ అనే ఊరి దగ్గర అంటుకున్న మంట మధ్యాహ్నానికల్లా ఊరిని మింగేసింది. 85 మంది పోయారు, 18,000కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. మంట అక్కడ, పొగ మన నెత్తిన. దాదాపు రెండు వారాలు, వాన పడేదాకా వదల్లేదు. పదహారో తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో గాలి ప్రపంచంలోని పెద్ద నగరాలన్నిట్లోకీ అధ్వానంగా ఉందన్నారు, ఢిల్లీని కూడా దాటి. బే ఏరియాలో బడులు మూసేశారు. మావాడికప్పుడు నాలుగేళ్లు. తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కి, ముగ్గురం ఒకే గదిలో పడుకున్నాం. రెండుసార్లు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి ఎత్తుకు పరిగెత్తాం. ఇండియా నుంచి అప్పుడే వచ్చిన మా అత్తయ్యగారు "ఇదేం దేశమే తల్లీ, పగలు లైట్లు వేసుకోవాలా" అన్నారు.

నేను డాక్టర్ని కాను, ఫార్మసీలో పనిచేస్తాను. ఆ రెండు వారాలు మా కౌంటరు ముందు వరస తెగలేదు. ఆల్బ్యుటెరాల్ ఇన్‌హేలర్లు, నెబ్యులైజర్‌లో పోసే మందు, ఎన్95 మాస్కులు. ఎప్పుడూ ఉబ్బసం లేనివాళ్లు కూడా వచ్చి "గుండె పట్టేసినట్టుంది, ఏదైనా ఇవ్వండి" అనేవాళ్లు. గుండె పట్టేస్తే ఫార్మసీకి కాదు, ఆస్పత్రికి వెళ్లమని పంపించడమే నా పనైంది. పోయిన శనివారం మాత్రం అదే కౌంటరు దగ్గర నేను మామూలుగా కాఫీ తాగాను.

మందుల కొట్లో ఉంటే ఒక అలవాటు అబ్బుతుంది. ఏ పదార్థాన్నయినా "మంచిదా చెడ్డదా" అని చూడం, "ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి" అని చూస్తాం. మోతాదు. నన్నడిగితే ఈ పిటిషన్‌లో లేని మాట అదొక్కటే. అందులో పొగ అంటే పొగే, అంతే.

అసలు "ప్రిస్క్రైబ్డ్" అన్న పేరే మా కౌంటరుది. ఆ మంటకి నిజంగానే మందుచీటీ లాంటి కాగితం ఉంటుంది, అందుకే నేను దాన్ని చీటీ మంట అంటాను. ఎండ ఇంత, గాలిలో తేమ ఇంత, గాలి ఫలానా దిక్కునుంచి ఇంత వేగంలోపు, నేలమీద ఎండుటాకూ కట్టే ఇంత తడిగా ఉంటేనే అంటించాలి అని రాసి పెడతారు. పొగ ఎటు పోతుందో, దారిలో ఏ ఊళ్లున్నాయో ఇంకో ప్లాను రాసి గాలి కాలుష్యం చూసే స్థానిక సంస్థకి ఇస్తారు. రాష్ట్ర గాలి వనరుల బోర్డు వాళ్లు రోజూ వాతావరణం చూసి ఇవాళ కాల్చే రోజా కాదా అని ప్రకటిస్తారు. ముందు చిన్న నేలముక్కని అంటించి చూస్తారు, పొగ లేచి పైకి పోతే కొనసాగిస్తారు, నేలమీదే పరుచుకుంటే ఆర్పేస్తారు. ఇవన్నీ ఎప్పుడూ అనుకున్నట్టు జరుగుతాయని చెప్పడం లేదు. మన మీదికి పొగ జారిన ఆ రాత్రి గాలి లెక్క తప్పిందనే నా అనుమానం. కార్చిచ్చుకి మాత్రం చీటీ లేదు. అది ఎండ ముదిరిన రోజునో, ఈదురుగాలి రోజునో, అడవి పెళపెళలాడుతున్నప్పుడే వస్తుంది. అది పెద్దది కావాలంటే అలాంటి రోజే కావాలి మరి.

ఇక ఏం కాలుతుందన్నది. చీటీ మంటలో కాలేది ఎక్కువగా రాలిన పైన్ సూదులు, ఎండుపుల్లలు, పొదలు, చిన్న చెట్లు. ముఖ్యంగా నేల మట్టానికే. కార్చిచ్చు చెట్ల తలల దాకా ఎక్కుతుంది, పెద్ద దుంగలు, నేలలో మేటవేసిన ఆకుకుళ్లు రోజుల తరబడి లోలోపల రగులుతాయి. మంట లేకుండా రగిలేదానికే పొగ ఎక్కువని పిడకల దాలిమీద పాలు కాచిన ఇంట పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. విమానాలతో కార్చిచ్చు పొగలోంచి ఎగిరి కొలిచిన పరిశోధన ఒకటి 2017లో వచ్చింది. కాలిన ప్రతి కిలో కట్టెకీ, ప్రిస్క్రైబ్డ్ బర్న్‌లతో పోలిస్తే కార్చిచ్చు నుంచి సన్నటి రేణువులు రెట్టింపుకు మించి వస్తున్నాయని తేలింది. దాని మీద ఎకరానికి కాలే కట్టె కూడా ఎక్కువ. రెంటినీ గుణించుకోండి.

అడవితో పోతే ఒక రకం. ప్యారడైజ్‌లో కాలింది ఊరు. కార్లు, ఫ్రిజ్‌లు, పాత పెయింట్లు, వైర్లు, సోఫాలు. ఆ పొగని రాష్ట్ర గాలి బోర్డు తర్వాత పరీక్షించి 2021లో నివేదిక ఇచ్చింది. పక్కనున్న చీకో పట్నం గాలిలో సీసం దాదాపు 17 గంటల పాటు మామూలు కన్నా 50 రెట్లు ఉందట. జింక్ వంటి లోహాల జాడ 150 మైళ్లకు పైగా దూరంలో కూడా దొరికింది. సీసం పిల్లల మెదడుకి ఏం చేస్తుందో మీలో చాలామందికి తెలుసు, ఇండియా నుంచి పసుపు తెచ్చుకుంటే సీసం పరీక్ష చేయించే జనం మనం. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో పాలిసేడ్స్, ఈటన్ మంటల్లో కాలిందీ ఇళ్లే.

ఆరోగ్యం మాటకొస్తే, అందరూ చెప్పే ఆ పీఎం 2.5 అంటే వెంట్రుక మందంలో ఇరవయ్యో ముప్పయ్యో వంతు ఉండే రేణువు. ముక్కులో వెంట్రుకలూ, గొంతులో తెమడా దాన్ని ఆపలేవు. ఊపిరి తిత్తుల చివరి గదుల దాకా పోతుంది, అక్కణ్ణుంచి కొంత రక్తంలోకి కూడా. అందుకే పొగ రోజుల్లో ఉబ్బసం వాళ్లే కాదు, గుండెజబ్బు వాళ్లు కూడా ఆస్పత్రిలో చేరతారు. శాన్ డియాగోలోని స్క్రిప్స్ పరిశోధకులు దక్షిణ కాలిఫోర్నియా ఆస్పత్రుల లెక్కలు తీసి 2021లో రాసిందేమిటంటే, ఘనమీటరు గాలిలో ఈ రేణువులు 10 మైక్రోగ్రాములు పెరిగితే, అది కార్ల పొగ వగైరా అయితే ఊపిరి జబ్బులతో చేరేవాళ్లు 0.67 నుంచి 1.3 శాతం పెరిగారు. అదే కార్చిచ్చు పొగ అయితే 1.3 నుంచి 10 శాతం దాకా. అంటే బరువు ఒకటే అయినా విషం ఒకటి కాదు. 2008 నుంచి 2018 వరకు కాలిఫోర్నియాలో కార్చిచ్చు రేణువుల వల్ల 52,000 మందికి పైగా ఆయుష్షు తీరకముందే పోయారని 2024లో వచ్చిన ఇంకో పరిశోధన అంచనా. మంటల్లో చిక్కుకుని పోయిన వాళ్లు కాదు వీళ్లు. మనలా ఇంట్లో కూర్చుని, ఎక్కడో కాలిన పొగని పీల్చినవాళ్లు. కడుపుతో ఉన్నవాళ్ల సంగతి వేరే. 2007 నుంచి 2012 మధ్య ఈ రాష్ట్రంలో దాదాపు 7,000 నెలలు నిండని కాన్పులకి కార్చిచ్చు పొగతో లంకె కనిపించిందని 2021లో లెక్క తేల్చారు.

"సరే, కార్చిచ్చు పొగ చెడ్డదే. చీటీ మంట పొగ మంచిదని ఎవరన్నారు?" అని పిటిషన్ రాసిన అన్నయ్య నన్ను నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. ఎవరూ అనలేదు. నేనూ అనను.

నాకు తెలిసినంతలో దీనికి సూటిగా దగ్గరపడిన పరిశోధన మన ఫ్రెస్నో పిల్లల మీద జరిగింది. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2019లో అచ్చువేశారు. ఏడెనిమిదేళ్ల పిల్లలు, ఒక జట్టు మీదికి ప్రిస్క్రైబ్డ్ బర్న్ పొగ వచ్చింది, ఇంకో జట్టు మీదికి కార్చిచ్చు పొగ. రక్తం తీసి రోగనిరోధక కణాలు చూశారు. కార్చిచ్చు పొగ పీల్చిన పిల్లల్లో మార్పు ఎక్కువ, చీటీ మంట పొగ పీల్చిన జట్టులో తక్కువ. కానీ రెండు జట్లూ కలిపి 70 మంది కూడా లేరు. ఇంత చిన్న లెక్క పట్టుకుని తీర్పు చెప్పేయకూడదు. "తక్కువ" అన్నచోట "లేదు" అని చదువుకోకూడదు. జార్జియా, ఫ్లోరిడా వైపు దేశంలోకెల్లా ఎక్కువగా ఏటా ప్రిస్క్రైబ్డ్ బర్న్‌లు చేస్తారు, అక్కడి గాలిలో సన్నటి రేణువుల్లో వీటి వాటా చిన్నదేం కాదు. అట్లాంటాలో ఉన్న మా చెల్లెలు వసంతకాలం వచ్చిందంటే పుప్పొడితో పాటు పొగని కూడా తిడుతుంది.

కాబట్టి పొగ పొగే. చీటీ మంట పొగ పైకి ఎక్కువ ఎత్తు లేవదు కాబట్టి దగ్గరి ఊళ్ల మీద, లోయల్లో రాత్రిపూట చిక్కగా కూర్చోవచ్చు కూడా. తేడా ఎక్కడంటే ఎన్ని రోజులు, ఎంత మంది మీద, చెప్పి వచ్చిందా చెప్పకుండా వచ్చిందా అన్న దగ్గర. ఒక పూట నారింజ రంగుకీ, అందరికీ చెడ్డదైన రెండు వారాల ఊదారంగు గాలికీ మధ్య ఉన్న దూరం అది.

మరి చీటీ మంట వేస్తే కార్చిచ్చు పొగ నిజంగా తగ్గుతుందా? ఇక్కడ నేను పెద్ద మాటలు చెప్పను. 2025లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ పరిశోధన ఒకటి 2020 మంటలని తీసుకుంది. అంతకు ముందు రెండేళ్లలోపు చీటీ మంట వేసిన చోట కార్చిచ్చు తీవ్రత సగటున 16 శాతం తగ్గిందనీ, చీటీ మంట పొగని కూడా కలిపి లెక్కేసినా మొత్తం పొగ 14 శాతం తగ్గిందనీ తేల్చింది. 14 శాతం. మీకు తక్కువనిపించవచ్చు. అదే పరిశోధనలో ఇంకో ఇబ్బందికరమైన సంగతి ఉంది: ఇళ్లకి ఆనుకుని ఉన్న అడవిలో లాభం ఇంకా తక్కువ, దూరపు అడవిలోనే ఎక్కువ. అంటే మన పెరటి వెనక గుట్టని కాల్చడం కన్నా పైన నేషనల్ ఫారెస్ట్‌లో కాల్చడమే మన ఊపిరికి మేలు. మన పిటిషన్ ఆపమంటున్నది సరిగ్గా వాటినే.

కేల్డర్ మంట మీకు గుర్తుండే ఉంటుంది. 2021 ఆగస్టు 14న మన పైనే, గ్రిజ్లీ ఫ్లాట్స్ దగ్గర మొదలైంది. మూడు రోజులు తిరక్కముందే ఆ ఊళ్లో ఎక్కువ ఇళ్లు పోయాయి. నెలాఖరుకి కొండ శిఖరం దాటి లేక్ తాహో మీద పడితే, సౌత్ లేక్ తాహో ఊరంతా ఖాళీ చేయించారు. మొత్తం 2,21,000 ఎకరాలు. గాలి అటు ఉండబట్టి పొగలో ఎక్కువ భాగం తాహోకీ రీనోకీ పోయింది, మనకి అదృష్టం, వాళ్లకి కాదు.

ఆ గ్రిజ్లీ ఫ్లాట్స్ చుట్టూ అడవి పలచబరచి, చీటీ మంటలు వేయాలని అమెరికా ఫారెస్ట్ సర్వీసు ఏళ్ల కిందటే ట్రెసిల్ ప్రాజెక్టు అని ఒకటి పెట్టుకుంది. 15,000 ఎకరాల పని. కేల్డర్ వచ్చేనాటికి అందులో పూర్తయింది 14 శాతమేనని 2022లో రేడియో విలేఖరులు తవ్వి బయటపెట్టారు. మనుషులు లేరు, డబ్బు లేదు, కాల్చడానికి అనువైన రోజులు దొరకలేదు, అభ్యంతరాలు వచ్చాయి. కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ పొగ గురించే కాదు. కానీ మన పిటిషన్ చేరేది ఆ కారణాల గంపలోకే.

ఇంకో వైపు కేపుల్స్ క్రీక్ కథ. అదీ మన ఎల్ డొరాడో అడవే. 2019 శరదృతువులో అక్కడ చీటీ మంట వేశారు. అక్టోబరు పదో తేదీన ఈదురుగాలి లేచి మంట చేయిదాటింది, కార్చిచ్చుగా ప్రకటించి ఆర్పాల్సి వచ్చింది. 3,400 ఎకరాలు కాలాయి. ఆ వారం తిట్టనివాడు లేడు. రెండేళ్ల తర్వాత కేల్డర్ అక్కడిదాకా వచ్చి, కాలిన నేల తగిలి ఆ అంచున నెమ్మదించింది. తప్పిపోయిన మంటే ఊరట అయింది. ఇది చెప్పి తప్పుల్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. 2022లో న్యూమెక్సికోలో ఫారెస్ట్ సర్వీసు వేసిన రెండు మంటలు తప్పిపోయి కలిసిపోయాయి. ఒకటి జనవరిలో కాల్చిన కట్టెల కుప్పలోదే, మంచు కింద నెలల పాటు నిప్పు బతికే ఉంది. 3,41,000 ఎకరాలు, వందల ఇళ్లు పోయాయి. ఆ రాష్ట్ర చరిత్రలో అంత పెద్ద మంట లేదు. తమ మంటల్లో 99.84 శాతం అనుకున్నట్టే సాగుతాయని ఆ సర్వీసు అధిపతి అప్పుడు చెప్పారు. మిగిలిన 0.16లో ఇల్లు పోగొట్టుకున్న ముసలాయనకి ఆ శాతం ఎందుకు? అందుకే నేను "కాల్చండి" అని గుడ్డిగా అనడం లేదు. చీటీలో రాసినట్టు కాల్చమని అడగాలంటున్నాను.

"మంటలార్పే వాళ్లున్నారు కదా, వచ్చినప్పుడు ఆర్పితే పోలా" అన్న వాక్యం పిటిషన్‌లో రెండు చోట్ల ఉంది. వందేళ్లుగా ఇక్కడ చేసింది అదే. 1910లో ఐడహో, మోంటానాల్లో రెండు రోజుల్లో 30 లక్షల ఎకరాలు కాలిపోయాక ఫారెస్ట్ సర్వీసు నిప్పంటే పగబట్టింది. 1935 నుంచి, కనిపించిన ప్రతి మంటనీ మర్నాడు పొద్దున పదింటికల్లా అదుపులోకి తేవాలని నియమం పెట్టుకున్నారు. ఆర్పిన ప్రతిసారీ కాలాల్సిన చెత్త కాలకుండా మిగిలింది, పేరుకుంది. తెల్లవాళ్లు రాకముందు కాలిఫోర్నియాలో ఏటా దాదాపు 45 లక్షల ఎకరాలు కాలేవని శాస్త్రజ్ఞుల అంచనా. చిన్న చిన్న మంటలుగా, చాలావరకు నేలబారున. 2020లో మనమంతా గుండెలు బాదుకున్న సంవత్సరంలో కాలింది కూడా సుమారు 42 లక్షల ఎకరాలే. ఎకరాలు దగ్గర దగ్గరే, కాలిన తీరు వేరు. సెప్టెంబరు తొమ్మిదిన బే ఏరియా ఆకాశం పగలే కాషాయమైపోయింది ఆ ఏడే.

మనం ఇళ్లు కట్టుకున్న ఈ ఓక్ గుట్టలు నిసెనాన్, మివోక్ అనే గిరిజనులవి. ఓక్ కాయలు ఏరుకోవడానికి చెట్ల కింద శుభ్రంగా ఉండాలనీ, బుట్టలల్లే చువ్వలు నిటారుగా మొలవాలనీ వాళ్లు తరతరాలుగా కాల్చేవాళ్లు. 1850లో ఈ రాష్ట్రం చేసిన తొలి చట్టాల్లో ఒకటి వాళ్లు నేలకి నిప్పు పెట్టడాన్ని నేరం చేసింది. గిరిజనులు తమ పద్ధతిలో కాల్చుకోవడానికి దారి సులువు చేస్తూ చట్టం వచ్చింది 2024లో. మధ్యలో 174 ఏళ్లు.

మా నాన్న మార్కాపురం వైపు నల్లమలలో ఫారెస్ట్ గార్డుగా చేశారు. శివరాత్రికి జనం అడవిదారి పట్టకముందే, దోర్నాల రోడ్డు వెంబడి మంట దాటకుండా ఫైర్ లైన్లు కోసి, కోసిన గడ్డీ ఆకూ తామే కాల్చేసేవాళ్లు. తోడుకి చెంచులు ఉండేవాళ్లు. గాలి చూసి, పొద్దు చూసి ఎప్పుడు అంటించాలో చెప్పేది వాళ్లే. నాన్న ఇంటికి వస్తే చొక్కా నిండా పొగ వాసన, అమ్మ ఆ బట్టల్ని విడిగా నానబెట్టేది. అది సన్నటి గీత మాత్రమే, ఇక్కడిలా ఎకరాలకెకరాలు కాల్చడం కాదు, రెండూ ఒకటని చెప్పను. కానీ పోయిన శనివారం మావాడు "అమ్మా, ఫైర్‌ఫైటర్లే నిప్పు పెట్టడమేంటి?" అని అడిగితే నాకు నాన్న చొక్కా గుర్తొచ్చింది. నాన్నకి డెబ్భై దాటాయి, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. అదీ గుర్తొచ్చింది. అంటించేవాడి ఊపిరి గురించి మన పిటిషన్‌లో ఎవరూ రాయలేదు, నా జవాబులోనూ అది ఇంతవరకూ రాలేదు.

చిన్న మాట ఇంకోటి, కోపగించుకోకండి. డిసెంబరులో మనింటికి చుట్టాలొస్తే ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు వేసి ఫొటోలు దిగుతాం. శాక్రమెంటోలో చలికాలం గాలి చెడడానికి ఆ కట్టెల పొగ పెద్ద కారణాల్లో ఒకటి, అందుకే కాల్చేముందు చూసుకోండని ఏటా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆంక్షలు పెడతారు. పిటిషన్ మీద సంతకం చేసిన ఇళ్లలో ఆ పొగగొట్టం మూసేసినవి ఎన్ని?

కాబట్టి నేను ఆ కాగితం చింపమనడం లేదు. అడిగేది మార్చమంటున్నాను. "ఆపండి" తీసేసి ఇలా రాద్దాం. కాల్చబోయే రోజులకి వాతావరణ అంచనా 48 గంటల ముందే వాళ్ల చేతిలో ఉంటుంది కదా, ఆ కబురు మన ఫోన్లకి, బడులకి అప్పుడే రావాలి. ఇప్పుడు ఆ సమాచారం వెబ్‌సైట్లో ఉంది, వెతుక్కున్నవాడికి దొరుకుతుంది, ఆయాసపడే పిల్లాడి అమ్మకి వెతికే తీరిక ఉండదు. రాత్రి పొగ లోయలోకి జారుతుందని అంచనా ఉంటే మధ్యాహ్నం లోపే పని ముగించాలి. ప్రతి బడిలో, గ్రంథాలయంలో ఒక్క గదికైనా సన్నటి రేణువుల్ని పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టర్లు పెట్టాలి. ఉబ్బసం, గుండెజబ్బు ఉండి చేతిలో డబ్బాడని ఇళ్లకి గాలి శుద్ధి యంత్రాలు ఇవ్వాలి. కొండలకి మనకన్నా దగ్గరగా, ప్లాసర్‌విల్ పైన ట్రెయిలర్లలో ఉండేవాళ్లు ముందు, మనం తర్వాత. తోటల్లో, కప్పుల మీద బయట పనిచేసేవాళ్లకి కార్చిచ్చు పొగలో మాస్కు ఇవ్వాలని రాష్ట్రంలో నిబంధన ఉంది, చీటీ మంట పొగ వచ్చిన రోజు కూడా వాళ్లని మరవొద్దని అడుగుదాం. కాల్చాక పొగ ఎవరి మీద ఎంత పడిందో కొలిచి ఆ లెక్క బయటపెట్టాలి, తప్పితే తప్పిందని ఒప్పుకోవాలి.

ఇంకోటి, ఇది కాస్త న్యాయశాస్త్రం మాట, అయినా చెప్తాను. కార్చిచ్చు పొగ వల్ల గాలి ప్రమాణం దాటితే, అది అసాధారణ ఘటన అని ఆ రోజుల్ని లెక్కలోంచి మినహాయించమని రాష్ట్రాలు కేంద్ర పర్యావరణ సంస్థని అడగొచ్చు. చీటీ మంటకీ ఆ వెసులుబాటు కాగితం మీద ఉంది, వాడుకోవడం మాత్రం అరుదు. 2024లో ఈ సన్నటి రేణువులకి ఏడాది సగటు ప్రమాణాన్ని ఘనమీటరుకి 12 నుంచి 9 మైక్రోగ్రాములకి తగ్గించారు. గాలికి మంచిదే. కానీ ఫలితం ఏమిటంటే, వద్దన్నా వచ్చే పెద్ద పొగ లెక్కలో ఉండదు, దాన్ని తగ్గించడానికి వేసే చిన్న పొగ మాత్రం అధికారి నెత్తిన కూర్చుంటుంది. అలాంటి అధికారి బల్ల మీద మన సంతకాల కట్ట పడితే అతను ఏం చేస్తాడు? కాల్చొద్దంటాడు. 2024 అక్టోబరులో ఫారెస్ట్ సర్వీసు కాలిఫోర్నియాలో చీటీ మంటలు కొన్నాళ్లు ఆపేసింది, సిబ్బందిని కార్చిచ్చులకి అట్టే పెట్టుకోవాలని. ఆపడం వాళ్లకి మనం నేర్పక్కర్లేదు.

వచ్చే శనివారం పొద్దున పదింటికి మా గ్యారేజీలో పొగ ఫిల్టరు డబ్బాలు కడుతున్నాం. నాలుగు మెర్వ్ 13 ఫిల్టర్లు, ఒక బాక్స్ ఫ్యాను, టేపు, అట్టముక్క. అరగంట పని, పడగ్గదికి సరిపోతుంది. ఫ్యాన్లు నా దగ్గర నాలుగున్నాయి, ఫిల్టర్లు 20 అంగుళాలవి మీరు తెచ్చుకోండి. మార్చి రాసిన పిటిషన్ అక్కడే వాషింగ్ మెషీన్ మీద ఉంటుంది, పెన్ను కూడా. పిటిషన్ రాసిన అన్నయ్య కూడా వస్తానన్నారు, పోట్లాడటానికే అనుకుంటా. రమ్మన్నాను, ఉప్మా ఉంటుంది.

ఉంటాను,
ఫార్మసీ కౌంటరులో మీకు కనిపించే అక్క